పాత బైకుకి ఏ ప్లగ్గు, ఏ క్యాప్, ఏ వైరు: లెక్క చూసి కొనడం ఎలా

ఆర్ఎక్స్100కి ప్లగ్గు అడిగితే కౌంటర్ మీద రెండు డబ్బాలు పెడతారు. ఒకదాని మీద బీ8హెచ్ఎస్ అని ఉంటుంది, రెండోదాని మీద బీఆర్8హెచ్ఎస్ అని. "ఆర్ ఉన్నది వద్దన్నా, కరెంటు తగ్గుద్ది" అంటాడు పక్కనున్న మెకానిక్. "ఇప్పుడన్నీ ఆర్ ప్లగ్గులే, ఏం కాదు" అంటాడు షాపతను. ఇద్దరూ పూర్తిగా తప్పు కాదు, కానీ ఇద్దరూ ప్లగ్గు ఒక్కదాన్నే చూసి మాట్లాడుతున్నారు. ఆ ప్లగ్గు నెత్తిన ఒక క్యాప్ ఉంటుంది, స్పార్క్‌కి కావాల్సిన వోల్టేజీ ఇచ్చే కాయిల్ నుంచి క్యాప్ దాకా ఒక వైరు ఉంటుంది. ఈ మూడింటిలో ఉన్న రెసిస్టెన్స్ కలిపి ఎంతో తెలిస్తే గానీ ఆర్ కావాలో వద్దో చెప్పలేం. ఓ మామూలు మల్టీమీటర్, ప్లగ్ పానా, కొత్త బ్లేడు, ఒక సాయంత్రం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ముందుగా, ఆ ఆర్ ఏం చేస్తుంది?

దూరదర్శన్ రోజులు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వీధిలో స్కూటరో బుల్లెట్టో వెళ్తే టీవీ తెర మీద చుక్కలు, గీతలు పడేవి, మీడియం వేవ్ రేడియోలో టకటకమని చప్పుడు వచ్చేది. ప్లగ్గులో స్పార్క్ దూకిన మొదటి క్షణంలో, సెకనులో అతి చిన్న భాగంలో, కరెంటు ఒక్కసారిగా ఎగసిపడుతుంది. అప్పుడు కాయిల్ వైరు యాంటెనాలా పనిచేసి ఆ గోలనంతా చుట్టూ చిమ్ముతుంది. దారిలో సుమారు 5 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఆ మొదటి దెబ్బ మెత్తబడుతుంది. ఆర్ అంటే ప్లగ్గు లోపల ఉండే ఈ రెసిస్టరే. ఎలక్ట్రోడ్లు కూడా కాస్త నెమ్మదిగా అరుగుతాయి.

మరి కరెంటు తగ్గదా? స్పార్క్ దూకడానికి పదివేల వోల్టులో అంతకన్నా ఎక్కువో కావాలి. అది దూకేదాకా వైరులో దాదాపు కరెంటే పారదు. కరెంటు పారనప్పుడు రెసిస్టర్ తినే వోల్టేజీ కూడా ఉండదు. దూకిన తర్వాత పారేది కొన్ని పదుల మిల్లీయాంపులు. 50 మిల్లీయాంపులు అనుకున్నా, 5 కిలోఓమ్‌ల మీద పోయేది 250 వోల్టులే. బాగున్న ఇంజిన్‌కి, బాగున్న కాయిల్‌కి ఇది లెక్కలోకి రాదు. కిక్కుకి స్టార్ట్ కాని బండికి ఆర్ తీసేస్తే జబ్బు నయమైనట్టు అనిపించొచ్చు కానీ, చాలాసార్లు నయం చేసింది ప్లగ్గు కొత్తది కావడమే.

మెకానిక్ మాటలో నిజం ఎక్కడుందంటే, టూ-స్ట్రోక్‌లో. నూనె మసి పట్టిన ప్లగ్గు లోపలి పింగాణీ మీదుగా కరెంటు కొంచెం కొంచెంగా లీకవుతుంది. ఆ లీకేజీ దారి లక్ష ఓమ్‌లు అనుకోండి. ముందు 10 కిలోఓమ్‌లు ఉంటే స్పార్క్‌కి అందాల్సిన వోల్టేజీలో పదకొండో వంతు ముందే పోతుంది. అదే 25 కిలోఓమ్‌లు ఉంటే అయిదో వంతు పోతుంది. బలహీనమైన 6 వోల్టుల బండికి, చలికాలం పొద్దున్నే కొట్టే కిక్కుకి, ఆ అయిదో వంతు చాలు మొరాయించడానికి. అంటే అసలు సమస్య ఆర్ కాదు. తెలియకుండా ఒకదాని మీద ఒకటి చేరిపోయిన రెసిస్టర్లు.

మొదటి మెట్టు: మీ బండి ఇగ్నిషన్ ఏదో తెలుసుకోండి

రాజ్‌దూత్ 175, యెజ్డీల్లో ఎక్కువ భాగం, క్యాస్ట్ ఐరన్ బుల్లెట్లు పాయింట్ల బళ్లు. కొందరు ప్లాటినం అంటారు, ఒకటే. పాయింట్లు అంటే ఇంజిన్‌తో పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటును తెంపే చిన్న స్విచ్. అది, పక్కనే కండెన్సర్, అంతే. ఇందులో చెడిపోయే ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. ఆర్ఎక్స్100, హీరో హోండా సీడీ100 లాంటివి సీడీఐ బళ్లు, అంటే పాయింట్ల బదులు ఒక ఎలక్ట్రానిక్ డబ్బా ఉన్నవి. పికప్ కాయిల్ నుంచి వచ్చే చిన్న సంకేతాన్ని చూసుకుని ఆ డబ్బా స్పార్క్ ఇస్తుంది. పక్కనే రేడియో గోల ఎక్కువైతే ఆ చిన్న సంకేతం కలుషితమై, పెద్ద ఆర్‌పీఎమ్ దగ్గర మిస్సింగ్ వచ్చే అవకాశం ఉంది.

బండి పేరు చూసి మాత్రం నిర్ధారించుకోకండి. పాత యజమాని పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించి ఉండొచ్చు. కవర్ విప్పి చూడండి. కిట్ ఉంటే, దానితో వచ్చిన కాగితం మీద ప్లగ్గు గురించి, క్యాప్ గురించి ఏం రాశారో అదే వేదం.

ఇంకొకటి కూడా గమనించండి: హ్యాండిల్ మీద ఇప్పుడు ఏమేం ఉన్నాయి? మొబైల్ ఛార్జర్, డిజిటల్ మీటర్, ఎల్ఈడీ లైటు, జీపీఎస్. పాయింట్ల బండి అయినా ఇవి పెట్టాక రెసిస్టెన్స్ సున్నా ఉంచడం మంచిది కాదు. ఛార్జర్ ఊరికే ఆగి ఆగి రావడం, మీటర్ పిచ్చి అంకెలు చూపించడం ఇలాంటి చోటే మొదలవుతాయి.

రెండో మెట్టు: ఇప్పుడున్నది కొలవండి

కొత్తవి కొనకముందే ఇది చేయాలి. ఇంజిన్ ఆపి, చల్లారాక, తాళం తీసేసి మొదలుపెట్టండి. మల్టీమీటర్‌ను 20కె ఓమ్‌ల దగ్గర పెట్టుకోండి.

ప్లగ్గు తీసి, ఒక ముల్లు పైన టెర్మినల్ మీద, రెండోది కింద మధ్య ఎలక్ట్రోడ్ మీద ఆనించండి. ఆర్ లేని ప్లగ్గు దాదాపు సున్నా చూపిస్తుంది. ఆర్ ప్లగ్గు 5 కిలోఓమ్‌లకు అటూ ఇటూ చూపిస్తుంది. 4 వచ్చినా 6 వచ్చినా కంగారు పడొద్దు. ఆర్ అని రాసి ఉండి సున్నా చూపిస్తే, చేతిలో ఉన్నది నకిలీ అయ్యే అవకాశం గట్టిగా ఉంది. రాణిగంజ్‌లో కొన్నా విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా మీటరు జేబులో పెట్టుకుని వెళ్లడంలో నామోషీ ఏం లేదు. డబ్బా మీద అచ్చు బాగున్నంత మాత్రాన లోపలి ప్లగ్గు అసలుదని కాదు.

తర్వాత క్యాప్. వైరు మీద నుంచి దాన్ని లాగకండి. చాలా క్యాప్‌లలో లోపల చెక్క మరలాంటి చిన్న స్క్రూ ఉంటుంది, అది వైరులోని రాగి పోగుల్లోకి దిగి ఉంటుంది. అందుకే క్యాప్‌ను ఎడమవైపుకి తిప్పుతూ విప్పాలి. విప్పాక, ప్లగ్గు కూర్చునే చోట ఉన్న స్ప్రింగు ఒకవైపు, లోపలి స్క్రూ ఒకవైపు పట్టుకుని కొలవండి. క్యాప్ మీద సాధారణంగా విలువ వేసే ఉంటుంది. ఎన్జీకే కంపెనీ క్యాప్‌ల కోడ్‌లో 05 అంటే 5 కిలోఓమ్‌లు, 01 అంటే 1, 10 అంటే 10. రాసినదీ మీటరు చెప్పినదీ పొంతన లేకపోతే క్యాప్ పోయినట్టే. పాతికేళ్ల క్యాప్‌లలో 5 ఉండాల్సిన చోట 15, 20 కనిపించడం మామూలే. కొన్నిట్లో మీటరు అసలు కదలదు. అలాంటి క్యాప్ లోపల స్పార్క్ తెగిన చోట దూకుతూనే ఉంటుంది కాబట్టి బండి నడుస్తుంది, వేడెక్కాక మొండికేస్తుంది. "వేడైతే ఆగిపోతోంది, కాయిల్ మార్చాలి" అని చెప్పినప్పుడు కాయిల్ కొనకముందు క్యాప్ కొలవండి. రెంటి ఖరీదుకీ పోలిక లేదు.

చివరగా వైరు. కొసన లోపల ఎర్రటి రాగి పోగులు కనిపిస్తే సరే. నల్లటి దారంలాంటిది కనిపిస్తే అది కార్బన్ వైరు, కార్లకి వాడేది. అడుగుకి వేల ఓమ్‌ల లెక్కన దానికే సొంత రెసిస్టెన్స్ ఉంటుంది.

మూడో మెట్టు: కూడిక వేయండి

ప్లగ్గు, క్యాప్, వైరు. మూడూ కూడండి.

6 వోల్టుల పాయింట్ల బండి అయితే మొత్తం 5 కిలోఓమ్‌ల దగ్గర ఆపండి. ఆర్ లేని ప్లగ్గు, 5 కె క్యాప్, రాగి వైరు పెట్టొచ్చు. ఆర్ లేనిది దొరక్కపోతే ఆర్ ప్లగ్గు వేసి, రెసిస్టెన్స్ లేని క్యాప్ గానీ 1 కె క్యాప్ గానీ పెట్టండి. రెండూ దాదాపు ఒకటే లెక్క. హ్యాండిల్ మీద ఏ ఎలక్ట్రానిక్స్ లేని, పండక్కి మాత్రమే బయటికి తీసే యెజ్డీకి మొత్తం సున్నా ఉన్నా ఇంజిన్‌కి ఏం కాదు. పక్కింటి రేడియోకే ఇబ్బంది.

12 వోల్టుల పాయింట్ల బుల్లెట్‌కి 5 చాలు, 10 అయినా నడుస్తుంది.

సీడీఐ బళ్లకి 5 నుంచి 10 మధ్య ఉండాలి. సున్నా వద్దు. ఇక్కడ ఆర్ ప్లగ్గు, 5 కె క్యాప్ కలిపి 10 అయినా భయపడక్కర్లేదు. అయినా ఆర్ఎక్స్100 లాంటి టూ-స్ట్రోక్ రోజూ ట్రాఫిక్‌లో నెమ్మదిగా తిరిగేదైతే నేను 5 దగ్గరే ఆపుతాను. పైన చెప్పిన మసి లెక్కే కారణం.

ఎవరికైనా సరే 15 దాటితే ఎక్కడో ఒకటి తీసేయాల్సిందే. ఆర్ ప్లగ్గు, రెసిస్టర్ క్యాప్, కార్బన్ వైరు, ఈ మూడూ ఒకేచోట చేరడం నేను చూసినంతలో "రేసింగ్ వైరు" మోజుతోనే జరుగుతుంది. ఎర్రటి, పసుపు రంగు లావుపాటి వైరు పెడితే బండి పికప్ పెరుగుతుందనేది ఉత్త మాట. పాత వైరు నిజంగా లీకవుతుంటే కొత్తది ఏదైనా తేడా చూపిస్తుంది, ఆ గొప్ప రంగుది కాదు.

నాలుగో మెట్టు: ప్లగ్గు కోడ్ చదవండి

ఆర్ ఒక్క అక్షరమే, మిగతావి తప్పితే నష్టం ఇంకా పెద్దది. ఎన్జీకే కోడ్‌లో మొదటి అక్షరం మర సైజు: బీ అంటే 14 మిల్లీమీటర్లు, డీ అంటే 12, సీ అంటే 10. అంకె హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పేది; త్వరగా వదిలేది చల్లటి ప్లగ్గు, నెమ్మదిగా వదిలేది వేడిది. ఆ తర్వాతి అక్షరం మర పొడవు: హెచ్ అంటే 12.7 మిల్లీమీటర్లు, ఈ అంటే 19. బీ8హెచ్ఎస్‌కీ బీఆర్8హెచ్ఎస్‌కీ ఆర్ తప్ప మరే తేడా లేదు, హీట్ రేంజ్ కూడా అదే. సీడీ100, స్ప్లెండర్ పాతవాటికి వాడే సీ7హెచ్ఎస్ఏ, సీఆర్7హెచ్ఎస్ఏ కూడా అంతే.

హెచ్ ఉండాల్సిన హెడ్‌లో 19 మిల్లీమీటర్ల ప్లగ్గు బిగిస్తే అది లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌ని కొడుతుంది. "అది లేదన్నా, ఇది పడుతుంది" అంటే ఒప్పుకోకండి. పట్టడం వేరు, సరిపోవడం వేరు.

కంపెనీ మారేటప్పుడు హీట్ రేంజ్ అంకెతో మోసపోయేవాళ్లు ఎక్కువ. ఎన్జీకే, డెన్సోల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లటిది. ఛాంపియన్‌లో, ఇప్పటి బాష్‌లో అంకె పెరిగితే వేడిది. ఎన్జీకే 8 బదులు ఛాంపియన్ 8 అని అడగడం అర్థం లేని పని. డెన్సోలో ఎన్జీకే 6కి 20, 7కి 22, 8కి 24. ఇక పాత బుల్లెట్ పుస్తకాల్లో మైకో ప్లగ్గు నంబర్లు ఉంటాయి. మైకో 2008లో బాష్ లిమిటెడ్ అయింది. ఆ పాత వంకర నంబర్లలో అంకె పెరిగితే చల్లటిది, ఇప్పటి వాటిలో తలకిందులు: పాత 175 ఇప్పటి 7, పాత 225 ఇప్పటి 5. పుస్తకంలో 175 చూసి షాపులో వెతుక్కునేవాళ్లకి ఇది తెలియక తల తిరుగుతుంది.

ఆర్ ఎక్కడుందో కూడా కంపెనీని బట్టి మారుతుంది. బాష్‌లో డబ్ల్యూఆర్ అని రెండో అక్షరంగా వస్తుంది, ఛాంపియన్‌లో ఆర్‌ఎన్ అని మొదటే వస్తుంది, డెన్సోలో చివర్లో ఉంటుంది. అనుమానం ఉంటే మీటరు ఉంది కదా.

హీట్ రేంజ్ విషయంలో మాన్యువల్ చెప్పిందే మొదలు. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే ముట్టుకోకండి. ఎప్పుడూ నల్లగా, తడిగా ఉంటే ముందు కార్బ్యురేటర్, ఆయిల్ కలపడం చూసి, ఆ తర్వాతే ఒక్క మెట్టు వేడిది పెట్టి చూడండి. తెల్లగా కాలిపోతున్నట్టుంటే ఆగి కారణం వెతకండి.

అయిదో మెట్టు: వైరు

స్క్రూ క్యాప్‌కి రాగి వైరే పెట్టండి. కార్బన్ దారంలోకి స్క్రూ సరిగా దిగదు, ఆనుకున్న ఆ కాస్త చోట కాలిపోతూ పోతుంది, నాలుగు నెలలకి మిస్సింగ్ మొదలవుతుంది. లావు 7 మిల్లీమీటర్లు ఉంటే మామూలు క్యాప్‌లు పడతాయి, కొన్ని బళ్లకి 5 మిల్లీమీటర్లది ఉంటుంది, పాతది కొలిచి తెచ్చుకోండి. పైపొర సిలికాన్ అయితే వేడికి గట్టిపడదు. కానీ పదునైన అంచు తగిలితే తేలిగ్గా తెగుతుంది, హెడ్ ఫిన్నులకి ఆనకుండా చూడండి.

కొన్ని కాయిల్స్‌కి వైరు లోపలే పోతపోసి ఉంటుంది, ఆర్ఎక్స్100 కాయిల్ అలాంటిదే. బుల్లెట్ లాంటి కొన్నిటికి విడిగా వస్తుంది. పోతపోసినది మధ్యలో తెగితే ఇన్సులేషన్ టేపు చుట్టి అతకొద్దు. అంత వోల్టేజీని ఆ టేపు ఆపలేదు, మొదటి వానలోనే బయటపడుతుంది. కాయిల్ మార్చడమే మేలు. వైరును పొడవు పెంచి అటూ ఇటూ తిప్పకండి, పికప్ కాయిల్ నుంచి వచ్చే సన్న వైర్లతో కలిపి కట్టకండి. నీటుగా కనబడుతుందని అన్నిటినీ ఒకే కట్టలో బిగించే అలవాటుంది, ఇక్కడ ఆ నీటు పనికిరాదు.

ఆరో మెట్టు: బిగించడం

వైరు కొస 5, 6 మిల్లీమీటర్లు బ్లేడుతో అడ్డంగా, తిన్నగా కోయండి. పాత కొసలో రాగి పచ్చగా తుప్పు పట్టి ఉంటుంది, కోస్తే మెరిసే రాగి కనిపించాలి. ఇంకా పచ్చగానే ఉంటే మరికాస్త కోయండి. క్యాప్‌ను స్క్రూ సరిగ్గా రాగి మధ్యలో ఆనేలా పెట్టి, లోపలికి నొక్కుతూ కుడివైపుకి తిప్పండి. గట్టిగా దిగాక చిన్నగా లాగి చూడండి, రాకూడదు. రబ్బరు అంచు లోపల కొంచెం సిలికాన్ గ్రీజు పూస్తే నీళ్లు దిగవు. స్క్రూ మీద మాత్రం గ్రీజు వద్దు.

సరిగ్గా కూర్చుందో లేదో మీటరు చెబుతుంది. క్యాప్ లేకుండా వైరు కొస నుంచి కాయిల్ బాడీకి ఎంత చూపిస్తుందో ముందే రాసుకోండి. పాయింట్ల కాయిల్ అయితే బాడీ బదులు చిన్న టెర్మినల్‌కి కొలవాలి. క్యాప్ బిగించాక స్ప్రింగు నుంచి అదే చోటుకి కొలిస్తే, తేడా క్యాప్ విలువంత రావాలి. 5 కె క్యాప్‌కి 5 పెరగాలి. 9 పెరిగితే స్క్రూ రాగిని సరిగా పట్టలేదు, విప్పి మళ్లీ చేయండి.

ప్లగ్గు పైన చిన్న టోపీలాంటి నట్టు ఉంటుంది. కొన్ని క్యాప్‌లు ఆ నట్టును పట్టుకుంటాయి, కొన్ని నట్టు తీసేసిన సన్న మరను పట్టుకుంటాయి. మీ క్యాప్ ఏదో చూసి నట్టు ఉంచండి లేదా తీసేయండి. ఉంచితే ప్లయర్‌తో బిగించండి, డబ్బాలో వచ్చినప్పుడు అది వదులుగానే ఉంటుంది. వదులు నట్టు దగ్గర స్పార్క్ దూకి నల్లబడటం, దాన్ని "ప్లగ్గు బాలేదు" అని పారేయడం రోజూ జరిగేదే.

గ్యాప్ చూసుకోండి: ఆర్ఎక్స్100కి 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు, పాయింట్ల బుల్లెట్‌కి దాదాపు 0.5. ప్లగ్గును ముందు చేత్తోనే తిప్పుతూ దింపండి. పానాతో మొదలుపెడితే మర వంకరగా ఎక్కుతుంది. క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ అన్నా ఇనుము బారెల్‌కే, హెడ్ అల్యూమినియమే, మరలు పోతే ఖర్చే. కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గు చేతికి బిగిసిన తర్వాత అర చుట్టు చాలు. వాడిన ప్లగ్గుకి వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు. టార్క్ పానా ఉంటే 14కి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, సన్నటి 10కి 10 నుంచి 12 మాత్రమే.

ఏడో మెట్టు: పరీక్ష

స్పార్క్ చూడాలంటే ప్లగ్గు క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజిన్‌కి గట్టిగా ఆనించి కిక్ కొట్టండి. వైరు గాల్లో వదిలేసి సీడీఐ బండిని కొట్టకండి, వెళ్లే దారి లేని వోల్టేజీ కాయిల్‌నో డబ్బానో పొడుస్తుంది. చేత్తో పట్టుకోకండి. చుట్టుపక్కల పెట్రోల్ వాసన ఉంటే అసలు మొదలుపెట్టకండి, ప్లగ్గు రంధ్రం నుంచి కూడా ఆవిరి చిమ్ముతుంది.

తర్వాత రాత్రి, చీకట్లో ఇంజిన్ స్టార్ట్ చేసి వైరును, క్యాప్‌ను పరిశీలించండి. దూరం నుంచే వైరు మీద నీళ్లు సన్నగా చిలకరించండి. ఎక్కడైనా నీలం గీత వైరు నుంచి ఫ్రేముకో ఫిన్నుకో దూకితే అక్కడ లీకేజీ ఉంది. వానాకాలంలో ఆగిపోయే బండికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు.

రేడియో గోల సంగతికి ఒక చిన్న ట్రాన్సిస్టర్ చాలు. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి బండి దగ్గరకు తీసుకురండి. రెసిస్టర్ అసలు లేకపోతే ఇంజిన్ వేగంతో పాటు పెరిగే టకటక గట్టిగా వినిపిస్తుంది. 5 కె పెట్టాక అది బాగా తగ్గాలి, పూర్తిగా పోకపోయినా. ఎఫ్ఎమ్‌లో వినడానికి ప్రయత్నించకండి, అది ఈ రకం గోలను పెద్దగా పట్టించుకోదు.

అంతా కుదిరాక, అదే ప్లగ్గు ఇంకొకటి కొని, గ్యాప్ చూసి, మీటరుతో కొలిచి, నట్టు ఉంచాలో తీయాలో అలా సిద్ధం చేసి టూల్ బాక్స్‌లో పెట్టండి. క్యాప్ విలువ, ప్లగ్గు కోడ్, గ్యాప్ ఒక చీటీ మీద రాసి సీటు కింద అతికించండి. తర్వాత బండి ఏ మెకానిక్ చేతికి వెళ్లినా, లెక్క అతని కళ్లెదుటే ఉంటుంది.